చెవి మిషన్‌కి అడుగుల లెక్క ఎందుకు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా చెవి మిషన్ల గురించే. పండగలకి ఊరెళ్లినప్పుడు టీవీ సౌండ్ ఎంతుందో విని, తిరిగొచ్చాక పిల్లలు రాసే ఉత్తరాలివి. అందుకే ఈ వారం ఫోన్లనీ ల్యాప్‌టాప్‌లనీ పక్కన పెట్టేశా.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. రాజమండ్రిలో అమ్మతో ఉంటారు, నేను డాలస్‌లో. పరీక్ష చేయిస్తే రెండు చెవులకీ మిషన్లు పెట్టాలన్నారు. రెండు రకాలు చూపించారు. ఒకటి మామూలుది, రెండోది అడుగులు లెక్కపెడుతుంది, మనిషి పడిపోతే మనకి మెసేజ్ పంపుతుంది. జతకి 70 వేలు తేడా. నేను దూరంగా ఉన్నాను కాబట్టి రెండోదే కొనేయనా?

మిమ్మల్ని లాగుతున్నది ఆ మెసేజ్ అని అర్థమవుతూనే ఉంది, కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

ఈ మిషన్లలో ఫోన్లో ఉండేలాంటి కదలిక సెన్సర్ ఒకటి, బియ్యపు గింజంత సైజులో, చెవి వెనక ఉండే డొప్పలో కూర్చుంటుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన స్టార్కీ కంపెనీ 2018లో లివియో ఏఐ అనే మోడల్‌తో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. మనిషి పడేటప్పుడు ఒక్క క్షణం శరీరం గాల్లో తేలినట్టవుతుంది, వెంటనే గట్టి దెబ్బ, ఆ తర్వాత కదలిక ఉండదు. ఈ మూడూ వరసగా కనిపిస్తే మిషన్ అది పడటమే అనుకుని, చెవిలో ఒక మాట చెప్పి, కాసేపు ఆగుతుంది. ఆ లోపల మనిషి ‘నాకేం కాలేదు’ అని రద్దు చేయకపోతే ముందే పేరిచ్చిన ముగ్గురి దాకా మెసేజ్ వెళ్తుంది. ఐడియా మంచిదే. అసలు చెవి వినపడకపోవడానికీ పడిపోవడానికీ సంబంధం ఉందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు కూడా. 2012లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, 25 డెసిబెల్స్ లోపం ఉన్నవాళ్లు, అంటే కొద్దిపాటి లోపమే, తాము పడిపోయామని చెప్పిన అవకాశం మామూలు వాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఉందని తేలింది.

అయితే నాన్నగారి రోజుని ఒకసారి ఊహించుకోండి. పెద్దవాళ్లు ఎక్కువగా ఎక్కడ జారతారు? బాత్రూంలో. ఎప్పుడు? తెల్లవారుజామున మూడింటికి లేచి నిద్రమత్తులో వెళ్లేటప్పుడు. స్నానానికి వెళ్లేముందు చెవి మిషన్ తీసి పక్కన పెడతారు, రాత్రి పడుకునేముందు తీసి ఛార్జర్ డబ్బాలో పెడతారు. అంటే ప్రమాదం ఎక్కువుండే ఆ రెండు వేళల్లోనూ మీ 70 వేల కాపలాదారు డ్యూటీలో ఉండడు.

ఇంకో తిరకాసు, ఆ మెసేజ్‌ని పంపేది మిషన్ కాదు, ఫోన్. బ్లూటూత్ అందే దూరంలో ఫోన్ ఉండాలి, దాంట్లో ఛార్జింగ్ ఉండాలి, డేటా ఉండాలి, యాప్‌ని ఫోన్ నిద్రపుచ్చకుండా ఉండాలి. మన ఇళ్లలో నాన్నల ఫోన్ హాల్లో టీవీ పక్కన ప్లగ్గుకి వేలాడుతూ ఉంటుంది, ఆయనేమో పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర. మధ్యలో రెండు గోడలు.

మా పెదనాన్నకి ఇలాంటి మిషనే ఉంది, కంపెనీ పేరు వద్దులెండి. ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి, మిషన్లు తీసి మంచం మీదకి విసిరినట్టు పడేశాడు, ఆయనకది అలవాటు. అది ‘పడటం’ కింద లెక్కయింది. న్యూజెర్సీలో తెల్లవారుజామున మా అక్కకి మెసేజ్, ఆమె వెంటనే ఫోన్ చేస్తే ఈయన ఎత్తడు, చెవిలో మిషన్ లేదు కదా, రింగ్ ఎలా వినపడుతుంది! చివరికి పక్కింటి వాళ్లు తలుపు బాదితే ఆవలిస్తూ వచ్చి తీశాడు. ఆ తర్వాత నెల రోజులు అక్క ఆ అలర్ట్‌ని ఆపేసే ఉంచింది.

అందుకే మీకు నా సలహా, పడిపోతే కబురు అందడమే ముఖ్యమైతే ఆ పని వాచీకి అప్పజెప్పండి. యాపిల్ వాచ్‌లో 2018 నాటి సిరీస్ 4 నుంచి ఈ సదుపాయం ఉంది, సామ్‌సంగ్ గెలాక్సీ వాచీల్లోనూ ఉంది. నీళ్లకి తట్టుకుంటాయి కాబట్టి స్నానంలోనూ చేతికి ఉంచుకోవచ్చు, రాత్రి పెట్టుకుని పడుకోవచ్చు, ఛార్జింగ్ మాత్రం పేపర్ చదివే టైంలో పెట్టుకునేలా అలవాటు చేయాలి. సిమ్ లేని మోడల్ అయితే దానికీ ఫోన్ దగ్గర్లో ఉండాల్సిందే, అది మర్చిపోకండి. యాపిల్ వాచ్ కొంటే మామూలుగా ఆయన చేతిలో ఐఫోన్ కూడా ఉండాలి. 70 వేలల్లో వాచీ పోను మిగిలిన దాంతో బాత్రూంలో పట్టుకోవడానికి రెండు స్టీలు రాడ్లు వేయించండి. ఇది టెక్ కాలమ్ కాదా అంటే అవును, కానీ ఆ రాడ్లకి బ్యాటరీ అక్కర్లేదు.

మరి అడుగుల లెక్క పనికిరానిదా అంటే అలా అనను. చేతి కర్రో వాకరో పట్టుకుని నడిచేవాళ్ల అడుగుల్ని వాచీ సరిగ్గా పట్టుకోలేదు, ఎందుకంటే చెయ్యి ఊగదు. తల మాత్రం ప్రతి అడుగుకీ కాస్త పైకీ కిందకీ కదులుతుంది కాబట్టి చెవి దగ్గర సెన్సర్‌కి అది దొరుకుతుంది. ఇటు కూర్చుని చపాతీ పిండి కలుపుతున్నా వాచీ అడుగులు వేసేస్తుంది, చెవి మిషన్ ఆ పొరపాటు తక్కువ చేస్తుంది. నాన్నగారు కర్రతో నడుస్తారా? అయితే దీనికి కొంత విలువ ఉంది. గోదావరి గట్టు మీద చేతులూపుకుంటూ తిరిగొచ్చే మనిషైతే ఫోనే జేబులో ఆ లెక్క చెబుతుంది.

ఇక ఈ యాప్‌లన్నిటిలో నాకు నిజంగా నచ్చిన అంకె ఒకటుంది. దాన్ని ఎవరూ ప్రకటనల్లో వేయరు. రోజుకి ఎన్ని గంటలు మిషన్ పెట్టుకున్నారన్నది. పెదనాన్న మొదటి నెలలో ‘ఆఁ, పెట్టుకుంటున్నానమ్మా’ అని అక్కకి రోజూ చెప్పేవాడు. యాప్ తెరిచి చూస్తే రోజుకి గంటా ఇరవై నిమిషాలు. మిగతా సమయమంతా కళ్లజోడు డబ్బాలో. ఆ అంకె పట్టుకుని ఆడియాలజిస్ట్ దగ్గరికి, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు సరిచేసే నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్తే, ఆమె తిట్టలేదు, ‘ఏ శబ్దం ఇబ్బంది పెడుతోంది బాబాయ్?’ అని అడిగింది. వంటింట్లో స్టీలు గిన్నెలు, పైన తిరిగే ఫ్యాన్. గిన్నె తగిలితే నెత్తి మీద గంట కొట్టినట్టుందట. ఇరవై నిమిషాలు కంప్యూటర్‌కి కలిపి ఆ పదునైన శబ్దాల్ని తగ్గించింది. రెండు వారాల తర్వాత చూస్తే రోజుకి తొమ్మిది గంటలు. ఈ గంటల లెక్క ఖరీదైన సెన్సర్ లేని మామూలు డిజిటల్ మిషన్లలో కూడా చాలావాటిలో నమోదవుతుంది, ఆడియాలజిస్ట్ కంప్యూటర్‌కి కలిపితే కనపడుతుంది. అడిగితే చూపిస్తారు, మనం అడగం అంతే.

అంతా విన్నాక కూడా ఆ రెండో మోడలే కొనాలనుకుంటే డబ్బు కట్టకముందు మూడు పనులు చేయండి. నాన్నగారు ఇప్పుడు వాడుతున్న ఫోన్‌తోనే యాప్ కలిపించండి, షాపులో ఉన్న ఫోన్‌తో కాదు. పడిపోయినప్పుడు పంపే అలర్ట్ మన దేశంలో పనిచేస్తుందో అడిగి, అమెరికా నంబర్‌కి మెసేజ్ వస్తుందో అక్కడికక్కడే పంపించి చూడండి. అలాగే రెండు మోడళ్లనీ చెరో వారం ఇంట్లో వాడటానికి ఇమ్మనండి. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట ఏది బాగా వినిపిస్తే అది తీసుకోండి. ఖరీదైనదానిలో మాట స్పష్టంగా వినిపించే చిప్ కూడా మెరుగ్గా ఉంటే, ఆ 70 వేలు దానికి పెట్టినట్టు, అడుగుల లెక్క కొసరు.

ప్రశ్న: ఈ చెవి మిషన్ల యాప్‌లో ‘బ్రెయిన్ స్కోర్’ అని కూడా ఇస్తున్నారు. అమ్మకి మతిమరుపు మొదలవుతోందా లేదా అన్నది దాన్నిబట్టి తెలుస్తుందా? — హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు

తెలియదండీ. ఆ స్కోర్ రోజుకి ఎన్ని గంటలు పెట్టుకున్నారు, ఎంతసేపు మాటల మధ్య గడిపారు, ఎన్ని రకాల శబ్దాల మధ్య తిరిగారు అన్నవి కలిపి వేసే మార్కు. మెదడుని అది పరీక్షించదు. ఆవిడ నాలుగు రోజులు జ్వరంతో మంచం మీద ఉంటే స్కోర్ పడిపోతుంది, దానికి మీరు కంగారుపడితే ఇంట్లో జ్వరం ఇద్దరికి.

వినికిడికీ మతిమరుపుకీ లింకు లేదని కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024 నివేదికలో, మనం జాగ్రత్త పడితే తగ్గించుకోగల 14 కారణాల్లో వినికిడి లోపం ఒకటి. 2023లో అమెరికాలో 977 మంది పెద్దవాళ్ల మీద మూడేళ్లు చేసిన అచీవ్ అనే పరీక్షలో, అందరినీ కలిపి చూస్తే మిషన్ల వల్ల పెద్ద తేడా కనపడలేదు, ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం జ్ఞాపకశక్తీ ఆలోచనా మందగించే వేగం 48 శాతం తగ్గింది. ఆ ఫలితం చెవి వినపడేలా చేసినందుకు వచ్చింది, యాప్‌లో మార్కులు చూసినందుకు కాదు. అమ్మ అడిగిందే అడుగుతున్నా, దారి తప్పుతున్నా న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

ప్రశ్న: చెవిలోంచే గుండె వేగం చూసే మిషన్ ఉందట. బీపీ కూడా చూస్తుందా? — ఒంగోలు

గుండె వేగం చూసేవి ఉన్నాయి. ఫోనాక్ వాళ్ల ఆడియో ఫిట్ అలాంటిదే. చెవి రంధ్రంలోకి వెళ్లే ముక్కలో చిన్న లైటు వెలుగుతుంది, చర్మం కింద రక్తం పొంగినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు మారుతుంది, దాన్ని లెక్కపెడతారు. వాచీ వెనక పచ్చలైటు చేసేది కూడా ఇదే పని. చెవి లోపల కదలిక తక్కువ, రక్తప్రసరణ బాగుంటుంది, కాబట్టి చోటు మంచిదే. కాకపోతే చివరన ఉండే రబ్బరు టోపీ వదులుగా ఉన్నా, గులిమి పేరుకున్నా అంకెలు గంతులేస్తాయి. బీపీ మాత్రం చూడదు. బీపీకి చేతికి పట్టీ కట్టే మిషనే వాడండి.

ప్రశ్న: చెవి మిషన్ అంటే మా అమ్మ ‘ముసలిదాన్నైపోయానా’ అని ఏడుస్తుంది. యాపిల్ వాళ్ల ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్ కొనిస్తే పాటలకీ వినికిడికీ రెండు పనులూ అవుతాయంటున్నారు, నిజమేనా? అమ్మది రెడ్‌మీ ఫోన్. — నిజామాబాద్

సగం నిజం. ఎయిర్‌పాడ్స్ ప్రో 2ని వినికిడి మిషన్‌లా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి 2024 సెప్టెంబర్‌లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, 18 ఏళ్లు దాటి, కొద్దిపాటి నుంచి మధ్యస్థం దాకా లోపం ఉన్నవాళ్లకి. 2025లో వచ్చిన ప్రో 3లో గుండె వేగం చూసే సెన్సర్ కూడా పెట్టారు. కానీ వినికిడి పరీక్ష, సెట్టింగులు అన్నీ ఐఫోన్‌లోనో ఐప్యాడ్‌లోనో చేయాలి, రెడ్‌మీతో అవదు. ఈ సదుపాయం అన్ని దేశాల్లో ఒకేసారి ఇవ్వలేదు. 2024 చివర్లో బెంగళూరులో కొందరు కుర్రాళ్లు తమ బామ్మల కోసం దాన్ని ఎలాగైనా ఆన్ చేయాలని, అల్యూమినియం ఫాయిల్, మైక్రోవేవ్ ఓవెన్ పెట్టి, ఐప్యాడ్ అమెరికాలో ఉన్నట్టు నమ్మించారు! అంత పని మీకెందుకు, కొనేముందు యాపిల్ సైట్‌లో ఇండియా పేరు ఉందో లేదో చూసుకోండి.

ఛార్జింగ్ సంగతి కూడా. ప్రో 3 వినికిడి మోడ్‌లో ఒక ఛార్జ్‌కి 10 గంటల దాకా వస్తుందని కంపెనీ చెబుతోంది, ప్రో 2 అంతకంటే తక్కువ. అసలైన మిషన్ పొద్దున పెడితే రాత్రి దాకా ఆగుతుంది. ఇంకొకటి, చెవిలో ఎయిర్‌పాడ్స్ పెట్టుకుని కూర్చుంటే ఎదుటివాళ్లు పాటలు వింటోందనుకుని మాట్లాడటం మానేస్తారు. అమ్మ బాధ మిషన్ పైకి కనపడటం గురించే అయితే, చెవి వెనక జుట్టు కింద దాగిపోయే చిన్న రకాలు ఉన్నాయి, సన్నటి తీగ తప్ప ఏమీ కనపడదు. ఒకసారి అద్దం ముందు పెట్టి చూపించండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 999 రూపాయలకే వినికిడి మిషన్ అని వస్తోంది, తీసుకోవచ్చా? మా తాతకి పెన్షన్ తప్ప ఆదాయం లేదు. — పార్వతీపురం

వద్దు. అది అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచే ఆంప్లిఫయర్. తాతగారికి ఏ స్థాయి శబ్దం ఎంత తగ్గిందో దానికి తెలియదు, లారీ హారన్‌ని కూడా పెంచి చెవిలో పోస్తుంది. ముందు ప్రభుత్వాసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, ఒక్కోసారి గులిమి తీస్తేనే సగం సమస్య పోతుంది. లోపం ఉందని తేలితే కేంద్ర ప్రభుత్వ పథకాలు రెండున్నాయి, వికలాంగులకి అడిప్, పేద వృద్ధులకి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన. రెండిట్లోనూ చెవి మిషన్లు ఇస్తారు, అలిమ్‌కో అనే ప్రభుత్వ సంస్థ క్యాంపులు పెట్టి పంచుతుంది. మీ జిల్లాలో క్యాంపు ఎప్పుడో వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. వెళ్లేటప్పుడు ఆధార్, ఆదాయ సర్టిఫికెట్, ఉంటే సదరం సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. అక్కడిచ్చేది అడుగులు లెక్కపెట్టదు, మనవడు పిలిస్తే తాతకి వినపడుతుంది.