అమ్మలూ, అన్ని కొట్లకూ ఒకేసారి పంపకు

చి. అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నీ మెడికల్ షాపుల బిల్లింగ్ ప్రోగ్రాం 140 కొట్లకు చేరిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఫైలు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నావని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు ఊరుకోక రాస్తున్నాను.

2003లో తెనాలి, పొన్నూరు వైపు ఓ 30 కొట్లకు నేను స్టాకు లెక్కల ప్రోగ్రాం అమ్మాను. ఒకసారి ఎక్స్‌పైరీ తేదీ దాచే పద్ధతి మార్చి, సీడీలు చేసుకుని, రెండ్రోజుల్లో అన్నిచోట్లా వేసొచ్చాను. నా కంప్యూటర్లో బ్రహ్మాండంగా నడిచింది మరి. సాయంత్రం ఏడింటికి తెనాలి నుంచి ఫోను. వెళ్లేసరికి కొట్టు ముందు పదిహేను మంది చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఉన్న మందులన్నీ ఎక్స్‌పైర్ అయిపోయాయని చూపిస్తూ ప్రోగ్రాం బిల్లు కొట్టనివ్వట్లేదు. కొట్టాయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. సొరుగులోంచి పాత బిల్లు పుస్తకం తీసి, మధ్యలో కార్బన్ పేపరు పెట్టి చేత్తో రాయడం మొదలుపెట్టాడు. బ్యాచ్ నంబరు కనపడక స్ట్రిప్పును లైటు కింద అటూ ఇటూ తిప్పుతున్నాడు. "పొద్దున్నకల్లా పాతదే పెట్టెయ్యి బాబూ" అన్నాడు. పెట్టడానికి పాతది లేదు. దాని మీదే కొత్తది ఎక్కించేశాను, డేటా కూడా మారిపోయింది. అన్నీ చక్కబెట్టేసరికి పదకొండు రోజులు పట్టింది.

అందుకే చెబుతున్నా. నీ అప్‌డేట్ ముందుగా బిల్లులూ స్టాకూ దాచిన డేటాబేస్‌ను ఆ రోజు తేదీతో పక్కన కాపీ తీసుకోవాలి. తనంతట తానే తీసుకోవాలి, కౌంటర్లో కుర్రాడిని అడగకూడదు. కొత్త ఫైలు పక్క ఫోల్డర్లోకి పూర్తిగా దిగి, సరైనదేనని తేలాకే పాతదాన్ని కదిలించాలి. మధ్యలో కరెంటు పోయినా పాతది లేచి నిలబడాలి. ఇంకొక సంగతి చాలామంది మర్చిపోతారు. మధ్యాహ్నం అప్‌డేట్ అయి, రాత్రి వెనక్కి వెళ్లాల్సి వస్తే, ఆ మధ్య కొట్టిన బిల్లులు ఏం కావాలి? టేబుల్లో కావలిస్తే కొత్త కాలమ్ చేర్చు, ఉన్నదాన్ని మార్చకు, తీసెయ్యకు. అప్పుడు పాత వెర్షన్ కూడా అదే డేటాను చదువుకుంటుంది.

ఇక ఒకేసారి అందరికీ పంపడం. 2024 జూలై 19 గుర్తుందిగా? కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ చేసే క్రౌడ్‌స్ట్రైక్ వాళ్లు తప్పున్న అప్‌డేట్ ఒకేసారి పంపేసి, 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. అప్పటికే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. నువ్వు ముందు నీకు బాగా తెలిసిన మూడు కొట్లకు పంపు. వాటిలో ఒకటి పాత విండోస్ 7 కంప్యూటర్ ఉన్నది కావాలి. రెండ్రోజులు చూసి ఇరవైకి, వారం చూసి మిగతావాళ్లకు. నెల మొదటి తేదీన వద్దు. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క), 20న 3బి (నెల పన్ను రిటర్ను) గడువులు కాబట్టి వాటి ముందు రెండేసి రోజులూ వద్దు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టు ఖాళీగా ఉంటుంది, అప్పుడు చెయ్యి.

వాట్సాప్‌లో ఫైలు పంపడం మాత్రం ఈరోజే ఆపెయ్యి. గ్రూపులో వచ్చిన ఫైలు తెరవడం నువ్వే వాళ్లకు అలవాటు చేస్తున్నావు. రేపు ఎవడో నీ పేరుతో ఇంకోటి పంపితే అదీ తెరుస్తారు. ప్రోగ్రాం తెరిచినప్పుడు నీ సర్వర్లో ఉన్న చిన్న ఫైలు చూసి, కొత్త వెర్షన్ నంబరు ఉంటే ప్రోగ్రామే దాన్ని తెచ్చుకోవాలి. దీన్ని మొదటి నుంచి రాయక్కర్లేదు, ఈ పని చేసిపెట్టే విన్‌స్పార్కిల్ లాంటివి ఉచితంగానే ఉన్నాయి. కానీ ప్రతి ఫైలు మీదా అది నువ్వు పంపిందేనని రుజువు చేసే డిజిటల్ సంతకం ఉండాలి. సంతకం చేసే రహస్య కీ ఆ సర్వర్లో పెట్టకు, నెట్‌కు దూరంగా నీ దగ్గరే దాచుకో. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కల ప్రోగ్రాం చేసే ఒక సంస్థ అప్‌డేట్ సర్వర్లోకి దొంగలు చొరబడ్డారు. ఆ అప్‌డేట్ దారిలోనే నాట్‌పెట్యా అనే వైరస్ పాకింది. ఓడల కంపెనీ మెర్‌స్క్ ఒక్కదానికే 25 నుంచి 30 కోట్ల డాలర్ల నష్టం. మనలాంటి లెక్కల ప్రోగ్రామే అమ్మలూ అది.

పన్ను రేట్లు ప్రోగ్రాంలో రాసేశావా? 2025 సెప్టెంబరు 22న చాలా మందులు 12 నుంచి 5 శాతానికి, 33 మందులు 12 నుంచి సున్నాకు వచ్చాయి. అలాంటి రోజు అర్ధరాత్రి 140 కొట్లకు అప్‌డేట్ ఎలా పంపుతావు? రేటు పక్కన "ఎప్పటి నుంచి" అనే తేదీ పెట్టు. వారం ముందే పంపినా ఆ రోజుకే అమల్లోకి వస్తుంది, పాత బిల్లు తిరిగి తీస్తే పాత రేటే పడుతుంది.

కబురు పంపడానికి వాట్సాప్ వాడుకో, తప్పులేదు. కాకపోతే బ్రాడ్‌కాస్ట్ అయితే నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని ప్రోగ్రాం తెర మీదా అదే మాట కనపడాలి. "బగ్ ఫిక్సులు, మెరుగుదలలు" అని రాస్తే ఎవరూ చదవరు. ఇలా రాయి: "బుధవారం మధ్యాహ్నం కొత్త వెర్షన్ వస్తుంది. ఐదు నిమిషాలు బిల్లు ఆగుతుంది. రిటర్న్ స్ట్రిప్పులు ఇక విడిగా కనిపిస్తాయి. ఇబ్బంది వస్తే 'పాత వెర్షన్' నొక్కండి, మీ బిల్లులు పోవు. ఫైలు మేం ఎప్పుడూ వాట్సాప్‌లో పంపం." తప్పు జరిగితే వాళ్లు ఫోన్ చేసేలోపే నువ్వే చెప్పు, ఏం చేస్తున్నావో, ఎన్ని గంటలకు సరవుతుందో కూడా.

ఆదివారం వచ్చేటప్పుడు ఈసారి పంపబోయే నోటీసు రాసి తీసుకురా. అత్తయ్యకు చదివి వినిపిద్దాం. ఎక్కడ ఆగి "అంటే ఏమిటి?" అంటుందో ఆ ముక్క మారుద్దువుగాని.

మీ మావయ్య