ఇంజన్ పాడైందని రాసేముందు

విజయవాడ

చిరంజీవికి, శుభాశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడిపావు గాని, మొదటి పేరాలోనే ‘ఇంజన్ పాడై విమానం కూలింది’ అని తేల్చేసి తక్కినదంతా ఏడుపులతో నింపావు. దర్యాప్తు మొదలయ్యేది ఆ వాక్యం దగ్గరే.

ఈసారి బెజవాడ వచ్చినప్పుడు మా ఆటోనగర్‌లో లారీ నుంచి ఊడదీసిన విరిగిన యాక్సిల్ ఒకటి చూపిస్తాను. విరిగిన చోట కొంత భాగం నున్నగా, చెరువు నీరు తీసేకొద్దీ గట్టున మిగిలే చారల్లాంటి గీతలతో ఉంటుంది. మిగతాది పంచదార పలుకుల్లా గరుకుగా ఉంటుంది. నున్నటి మేర పగులు మెల్లగా పాకింది, గరుకు మేర ఒక్కసారిగా తెగింది. విమానం ఇంజన్ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి నిపుణులు చదివేదీ ఈ రాతనే.

1989 జులై 19న అమెరికాలో ఒక డీసీ-10 విమానం తోక ఇంజన్‌లోని ఫ్యాన్ డిస్క్ (ఫ్యాన్ రెక్కలను పట్టి ఉంచే చక్రం) గాలిలోనే పగిలి, ఆ ముక్కల దెబ్బకు విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. మిగిలిన రెండు ఇంజన్ల శక్తిని హెచ్చిస్తూ తగ్గిస్తూ పైలట్లు దాన్ని సూ సిటీ దాకా తెచ్చారు. దిగేటప్పుడు అది కూలి, 296 మందిలో 112 మంది చనిపోయారు. ఆ డిస్క్ సుమారు మూడు నెలల తర్వాత అయోవాలో మొక్కజొన్న చేలో దొరికింది. టైటానియం తయారైన నాడే లోపల పడిన లోపం నుంచి పగులు పుట్టిందనీ, అంతకుముందు ఏడాది తనిఖీలో అది కంటపడలేదనీ తేలింది. దర్యాప్తు నివేదిక, తనిఖీ చేసిన మనిషి దగ్గర కూడా ఆగకుండా, ఆ తనిఖీ పద్ధతి మనిషి పరిమితులను లెక్కలోకి తీసుకుందా అని అడిగింది.

నువ్వు తేలిగ్గా వాడిన ‘పైలట్ తప్పిదం’ కూడా అంతే. అదే ఏడాది జనవరిలో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన విమానంలో పైలట్లు చెడిన ఎడమ ఇంజన్‌కు బదులు బాగున్న కుడిదాన్ని ఆపేశారు. 47 మంది చనిపోయారు. కుడిదాని శక్తి తగ్గించగానే పొగవాసన, అదురు తగ్గాయి. దాంతో సరైనదాన్నే ఆపామనుకున్నారు. ఎడమవైపు మంటలు చూసిన ప్రయాణికులున్నారు, కాని ఆ మాట కాక్‌పిట్‌కు చేరలేదు. ఆ చేరకపోవడం గురించి రాయి.

విమాన ప్రమాదాల దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు లక్ష్యం మరో ప్రమాదాన్ని నివారించడమే, నిందను పంచడం కాదు. 30 రోజుల్లో వచ్చే ప్రాథమిక నివేదిక ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకు అన్నదానికి తుది నివేదిక దాకా ఆగాలి. కుర్రతనంలో నేను ఆగలేదు. ప్రమాదం జరిగిన మర్నాడే కారణం రాసేశాను. ఆ తర్వాత లోపలి పేజీలో నాలుగు పంక్తుల సవరణ పడింది, దాన్ని ఎవరూ చదవలేదు.

వ్యాసం తిరగరాసేటప్పుడు ‘తేలింది’, ‘అనుమానిస్తున్నారు’ అనే క్రియలు కలగాపులగం కానీయకు. ప్రతి ‘తేలింది’ పక్కన, అది నివేదికలో ఏ పేజీలో ఉందో పెన్సిల్‌తో రాసి తీసుకురా.