ప్రపంచ అసమానతలు, మానవ హక్కులు ఎక్కడి నుంచి చదవాలి? మిర్చి యార్డు నుంచి మొదలుపెట్టండి

డిగ్రీలో ప్రపంచ అసమానతలు, మానవ హక్కులు, సుస్థిర అభివృద్ధి అని ఒక పేపరుందనీ, ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాలూ బట్టీ పట్టినా ఏదీ బుర్రకెక్కట్లేదనీ, ఎక్కడ మొదలుపెట్టాలనీ అడిగారు. నన్నడిగితే పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టి, మీకు బాగా తెలిసిన సరుకు ఒక్కటి పట్టుకోండి. అది పండిన చేను నుంచి తినేవాడి కంచం దాకా వెంటపడండి. దారిలో ప్రతిచోటా ఒకటే అడగండి: ఇక్కడ ఎవరి నష్టం కాగితం మీద లెక్కకొస్తోంది, ఎవరిది రావట్లేదు?

నాకు తెలిసిన సరుకు మిర్చి. మాది ప్రత్తిపాడు వైపు ఒక పల్లె, నాన్న కౌలు రైతు. నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒకచోట శాంపిళ్ల కాగితాలు చూసే పని చేశాను. కాబట్టి రెండు చివర్లూ కొంత చూశాను.

యూరప్‌కి మిర్చి పంపాలంటే అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అందులో బీ1 రకం 5 దాటకూడదు. టన్ను కాయలో 10 మిల్లీగ్రాములన్నమాట. పురుగుమందుల అవశేషాలకి వేరే పెద్ద జాబితా ఉంది. రిపోర్టు తేడాగా వస్తే కంటైనర్ వెనక్కి తిరిగొస్తుంది, ఆఫీసులో అందరికీ టెన్షన్. ఈ రూల్స్ తప్పని నేననను, తినేవాళ్ల ఆరోగ్యం వాళ్ల ప్రభుత్వం చూసుకోవాల్సిందే. కానీ ఆ ఫైళ్లలో నా చేతికొచ్చిన కాగితాలన్నీ కాయ మీద మిగిలిన మందు గురించే. అదే మందుని వీపున ట్యాంకు తగిలించుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని ఎండలో కొట్టిన మనిషి ఒంట్లో ఎంత చేరిందని అడిగే గడి ఒక్కటీ కనపడలేదు.

గడ్డి మందు సంగతి ఇంకా విడ్డూరం. పారాక్వాట్‌ని స్విట్జర్లాండ్ 1989లోనే నిషేధించింది, యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి వాడకూడదు. విరుగుడు లేని విషం అది, మన వైపు ఏ పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టర్ని కదిపినా ఆ మందు తాగి వచ్చినవాళ్ల కథలు చెప్తారు. అయినా ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో దాన్ని తయారుచేసి బయటి దేశాలకి అమ్ముతూ వచ్చారు. తమ పొలానికి వద్దనుకున్నది పరాయి పొలానికి పనికొచ్చింది. అలాగని పాపమంతా తెల్లవాళ్లదేనని పరీక్షలో రాసేయకండి. ప్రమాదకరమైన రసాయనాలు అమ్మేముందు కొనే దేశానికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 1998లో రాటర్‌డామ్ ఒప్పందం చేసుకున్నారు, ఆ జాబితాలో పారాక్వాట్‌ని చేరుస్తామంటే అడ్డుపడ్డ దేశాల్లో మనదీ ఉంది. మన తరఫున ఆ మీటింగులకి వెళ్లి కాదనేవాళ్లు ఎప్పుడైనా పత్తి చేలో గడ్డి మందు కొట్టి ఉంటారా, మీరే ఆలోచించండి.

ఇక కోతలు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే మా పల్లెలకి మిరప కోతలకొస్తాయి, పొలాల పక్కనే టార్పాలిన్ పట్టాలతో గుడారాలు కట్టుకుని ఉంటాయి. ఊళ్లో చూసేవాళ్లు లేని పిల్లలు కూడా వెంటే వస్తారు. బడి రిజిస్టర్లో పేరు కోసిగిలో ఉంటుంది, పిల్లాడు మా చేలో ఉంటాడు. చదువు హక్కని 1948 మానవ హక్కుల ప్రకటన 26వ అధికరణంలో ఉంది, మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, రెండింట్లోనూ ఆ పిల్లాడికి చదువు లేదని ఎవరూ రాయలేదు. వాళ్ల పొలాలకి నీళ్లుంటే ఇంత దూరం రారు కదా, హక్కు గురించి చదివేటప్పుడు ఈ నీళ్ల సంగతి కూడా కలిపి చదవండి.

ధర దగ్గరికొస్తే, 2021 చివర్లో నల్ల తామర పురుగు చేలని ఊడ్చేసింది. పంట పోయినచోట రేటు పెరిగితే ఏం లాభం, అమ్మడానికి కాయ ఉండాలిగా. తర్వాత మంచి రేట్లు చూసి అందరూ మిర్చే వేశారు, 2025 ఫిబ్రవరికి రేటు ఎంత పడిందంటే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. తేజ రకం చాలావరకు చైనాకి పోతుంది, అక్కడ కొనుగోళ్లు తగ్గితే ఇక్కడ గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కదలవు. రేటు పడిందని కౌలు మాత్రం తగ్గదు.

కౌలు రైతుల కోసం 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, 11 నెలలకి ఒక కార్డు ఇస్తారు, దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆయన హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు, సంతకం పెడితే పొలం పోతుందని భయం. కార్డు లేకపోతే బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం. ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో ఇచ్చిన నిర్వచనం మీ పుస్తకంలో ఉండే ఉంటుంది, రేపటి తరాల అవసరాలకి గండి కొట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని. మన దగ్గరే, గుంటూరు నుంచి పనిచేసే ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం చేయిస్తోంది, 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని ఒక సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. మంచి పనే, నాకు దాని మీద గౌరవముంది. అయితే నేల బాగుపడాలంటే ఏళ్లు పడుతుంది. నాన్నతో ఒకసారి ఈ మాటంటే, "వచ్చే ఏడు ఈ చేను నాకిస్తాడో ఇంకొకడికిస్తాడో, నేనెందుకురా ఘనజీవామృతం తోలడం" అన్నాడు. ఘనజీవామృతం అంటే ఆవు పేడతో చేసే ఎరువు. రేపటి తరం సంగతి దేవుడెరుగు, వచ్చే తొలకరికే దిక్కు తెలియని మనిషికి ఆ నిర్వచనం ఎలా వినపడుతుందో చూడండి.

వాతావరణ మార్పు గురించి 2024 సెప్టెంబర్ బెజవాడ వరదలు తీసుకోవచ్చు, కానీ జాగ్రత్త. మనిషికి ఏడాదికి మన దేశంలో దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో 14 టన్నుల దాకా అనే లెక్క నిజమే. సింగ్ నగర్ మునగడానికి మాత్రం బుడమేరు గట్లు తెగడం, వాగు దారిలో ఇళ్లు లేవడం కూడా కారణాలు. రెండూ రాయండి.

ఇదంతా అయ్యాకే అంకెలకి వెళ్లండి. 2022 ప్రపంచ అసమానతల నివేదిక ఉచితంగా దొరుకుతుంది. ప్రపంచ సంపదలో 76 శాతం పైనున్న పది శాతం మంది దగ్గరుంటే, కింది సగం జనం దగ్గర 2 శాతమే ఉందని అందులో ఉంటుంది. మన దేశం పేజీ తప్పకుండా చూడండి.

గుంటూరు మిర్చి యార్డు చూడాలంటే ఫిబ్రవరి, మార్చిలో పొద్దున్నే వెళ్లండి, శని ఆదివారాలు సెలవు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, లేకపోతే గేటు దగ్గరే దగ్గొస్తుంది. కమీషన్ కొట్లలో టీ ఇచ్చి బాగానే మాట్లాడతారు. ఆ టీ తాగేశాక హమాలీల దగ్గరికి, తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, కూలి రోజుకిస్తారా బస్తాకిస్తారా, దగ్గొస్తే మందుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అని అడగండి.