నూనె రాసిన చేతులే ఆసుపత్రికీ తీసుకెళ్లాలి

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నా భర్తకు 43 ఏళ్లు, ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఆరేళ్లుగా తాగుడు ముదిరింది. ఇప్పుడు పొద్దున లేస్తూనే క్వార్టర్ పడాల్సిందే. ఫ్యాక్టరీకి జ్వరమని ఫోన్ చేసేదీ, ఆయన అప్పులు కట్టేదీ నేనే. మూడుసార్లు చర్చిలో సాక్ష్యం చెప్పి మానేశాడు, మూడుసార్లూ మళ్లీ మొదలుపెట్టాడు. పోయిన నెల మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లాం. రెండో రోజు రాత్రి ఒళ్లంతా వణికి ఫిట్స్ వచ్చాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. దయ్యం వదులుతోంది అన్నారు పెద్దలు. తెల్లారి ఎలాగో బయటపడి తాగొచ్చాడు, వణుకు తగ్గింది. నా విశ్వాసం చాలకనే ఇట్లయిందని ఇప్పుడు అంటున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే దేవుణ్ణి నమ్మనట్టేనా? యేసుప్రభువే ద్రాక్షారసం చేశాడు కదా అని ఆయన ఎదురు మాట్లాడతాడు. మా ఆడబిడ్డ ఏదో పొడి తెచ్చి కాఫీలో తెలియకుండా కలపమంటోంది. కలపమంటారా?

జవాబు: చెల్లెమ్మా, వందనాలు.

మిగతావన్నీ తర్వాత, ముందు ఆ రెండో రోజు రాత్రి సంగతి. అది దయ్యం కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు, మందు మత్తును తట్టుకోవడానికి ఎప్పుడూ హుషారెక్కి పనిచేస్తుంటుంది. మందు ఒక్కసారిగా ఆగిపోతే దాన్ని పట్టేవాళ్లుండరు. కొన్ని గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనపడతాయి, ఉన్న మనుషుల్ని గుర్తుపట్టరు. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోయే స్థితి ఇది. పైగా ఉపవాసం! తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ ముందే తక్కువగా ఉంటుంది, అన్నం కూడా మానిపిస్తే ఇంకా ప్రమాదం. తాగొచ్చాక వణుకు ఎందుకు తగ్గిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

మీ పెద్దలు ఒప్పుకోకపోతే బైబిల్లో సామెతల గ్రంథం 23వ అధ్యాయం చివరి వచనాలు తీసి చదవమనండి. ద్రాక్షారసంతో ప్రొద్దుపుచ్చేవాడి కళ్లకు విపరీతమైనవి కనపడతాయని అక్కడే ఉంది. కొట్టినా నొప్పి తెలియలేదు, నిద్ర ఎప్పుడు లేస్తానో, మళ్లీ దాన్నే వెతుక్కుంటాను అని అతనే అంటాడు. మీ ఆయన పొద్దుటి క్వార్టర్‌కు ఇంతకంటే మంచి వర్ణన నేనెక్కడా చూడలేదు. ఆ వచనాల్లో దయ్యం మాటే లేదు.

అయితే పాపం కాదా అంటారేమో. మొదటి గ్లాసు ఎత్తిన రోజు అది ఆయన చేతిలోనే ఉంది, ఆ బాధ్యత ఆయనదే. ఇప్పుడు చెయ్యి వణకకుండా ఉండటానికి తాగుతున్నాడు, ఒళ్లే పట్టుబడిపోయింది. తాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కారని కొరింథు సంఘానికి ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలే, మీలో కొందరు అటువంటివారే, అయినా కడగబడ్డారు అని తర్వాతి వచనంలో అన్నాడు. మన ప్రసంగాల్లో మొదటిది వినపడినంత గట్టిగా రెండోది వినపడదు. రోగులకే వైద్యుడు కావాలన్నది కూడా ప్రభువు మాటే.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అని తాగుడు మానినవాళ్ల కూటాలు ఉన్నాయి. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో దాన్ని మొదలుపెట్టిన బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో తిరిగినవాళ్లే. బిల్ విల్సన్ తనకు దేవుని అనుభవం కలిగిందని చెప్పుకున్నది ఎక్కడో తెలుసా? 1934 డిసెంబరులో, తాగుడు మాన్పించే ఆసుపత్రిలో మంచం మీద! అంత దూరమెందుకు, మీ జమ్మలమడుగులో కాంబెల్ ఆసుపత్రి ఉంది కదా. కట్టించింది మిషనరీలే. మీ తాతలకు సువార్త చెప్పినవాళ్లు ప్రార్థన చాల్లే అనుకుని ఊరుకోలేదు.

ఇంకో మాట, మీ పాస్టరు అయ్యగారికి కోపం వచ్చినా సరే. మానేసిన వారానికే మనిషిని నిలబెట్టి సాక్ష్యం చెప్పించడం ఆపాలి. అందరూ చప్పట్లు కొడతారు. ఈ జబ్బులో జారిపడటం మామూలే, పడ్డప్పుడు ఆ చప్పట్లే గుర్తొచ్చి గుడి మెట్లెక్కడానికి సిగ్గుపడతాడు. మూడుసార్లు అలా జరిగింది కదా. నేను చర్చి బెంచీల మీద పెరిగినదాన్నే, ఇది చాలా ఇళ్లలో చూశాను.

ఇక మీ ఆయన ద్రాక్షారసం వాదన సంగతి. కానా ఊరి పెళ్లిలో ప్రభువు ద్రాక్షారసం చేశాడు, నిజమే. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు మితంగా తాగడాన్ని పాపం అనరు, పెంతెకొస్తు వాళ్లు చుక్క కూడా ముట్టొద్దంటారు. తాగుడు పట్టుకోనివాళ్లు తీరిగ్గా చేసుకోవాల్సిన చర్చ అది. మీ ఆయనకు ‘కొంచెం’ అనేది ఇక లేదు. తాగి ఉన్నప్పుడు వచనానికి వచనం చెప్పకండి. మీ చర్చిలో ప్రభురాత్రి భోజనపు బల్లకు పులిసిన రసం ఇస్తుంటే ఆయనకు పులియనిది ఇవ్వమని అడగండి. 1869లో వెల్చ్ అనే మెథడిస్టు పళ్ల డాక్టరు ద్రాక్షరసం పులియకుండా నిలవచేసే పద్ధతి కనిపెట్టింది ఈ బల్ల కోసమే.

పొడి మాత్రం వద్దు. ఈరోజే పారేయండి. మద్యం మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి చావు కూడా. అందుకే మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. మీ ఆడబిడ్డ తెచ్చినదాంట్లో ఏముందో ఎవరికి తెలుసు? రేపు ఆయనకు తెలిస్తే మీ చేతి నీళ్లు కూడా తాగడు.

ఫ్యాక్టరీకి జ్వరమని ఇక ఫోన్ చేయకండి. అప్పూ కట్టకండి. ఇది పగ తీర్చుకోవడం కాదమ్మా, 99 రూపాయలకే క్వార్టర్ దొరికే ఈ రోజుల్లో దాని అసలు ఖర్చు ఆయనకు కనపడాలి కదా. మీరు రాయలేదు గానీ, చెయ్యి చేసుకుంటుంటే దాన్ని సహనం పేరుతో భరించొద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఈ సోమవారం కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ముందు మాట్లాడాలనుకుంటే 14446, అది వ్యసనాల కోసం పెట్టిన ఉచిత ఫోన్. ఆసుపత్రికి వెళ్తున్నాం కదా అని ఆదివారం నుంచే మందు ఆపించకండి, ఆపించడం డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. రోజుకు ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఫిట్స్ ఏ రాత్రి వచ్చాయి, కాగితం మీద రాసుకుని వెళ్లండి. ప్రార్థనలో నూనె రాసే మీ అయ్యగారిని కూడా బస్సెక్కించండి. ప్రార్థన ఓపీ లైన్లో నిలబడి కూడా చేయొచ్చు.