ఆ ఫోమ్ డబ్బా పారేయకురా అల్లుడూ, ముందు బ్రష్ పట్టు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ మెడ గురించే మాట్లాడింది. వీడియో కాల్‌లో చూసిందంట, గొంతు కింద అంతా ఎర్రగా పొక్కులు, హైదరాబాద్ నీళ్ళు పడలేదో ఏమో అన్నయ్యా అని ఒకటే కంగారు. అందుకే నిన్ను ఫొటో పెట్టమన్నా. పొద్దున చూసా. రోగమూ లేదు రొష్టూ లేదు, అది గడ్డం గీసుకోవడం రాక వచ్చిన గొడవ. కొత్త ఉద్యోగం కదాని ఐదు బ్లేడ్ల రేజరూ పెద్ద ఫోమ్ డబ్బా కొన్నావు, బానే ఉంది, ఇప్పుడేమో యూట్యూబ్‌లో ఎవడో చెప్పాడని అది పారేసి రెండు వేలు పెట్టి ఫారిన్ సబ్బూ చెక్క గిన్నే తెప్పిస్తానంటున్నావంట. కాస్త ఆగు. ఆ డబ్బాలో ఇంకా ముప్పావు వంతు ఉందన్నావుగా, దాంతోనే పని అవుద్ది, నూట యాభయ్యో రెండొందలో పెట్టి ఒక నైలాన్ బ్రష్ కొనుక్కుంటే చాలు.

ఫోమ్‌కి బ్రష్ ఏంటి మావయ్యా, బ్రష్ అక్కర్లేకుండా ఉండటానికేగా డబ్బా కనిపెట్టింది అంటావు. నిజమే, అమెరికాలో 1950 ప్రాంతంలో ఈ డబ్బాలు అమ్మింది ఆ మాట చెప్పే, నొక్కు, పూసుకో, గీసుకో అని. నేనూ అలాగే నమ్మా. ముప్పై ఏళ్ళకి పైన రైల్వేలో గార్డు ఉద్యోగం చేశా, ఇప్పుడు 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పేరు మారింది గానీ తెల్ల యూనిఫాం మారలేదు. ఆ తెల్ల చొక్కానే నాకు బుద్ధి చెప్పింది. ఒకసారి రన్నింగ్ రూములో, అంటే బండి సిబ్బంది పడుకునే గదిలో, తెల్లారుజామున మూడింటికి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ లేపాడు, నిద్రమొహంతో పొడి గడ్డం మీద ఇంత ఫోమ్ చేత్తో పులిమేసి బర్రుమని గీశా, పై పెదవి మీద గాటు పడింది. బండి ఎక్కేసరికి కాలర్ మీద రూపాయి బిళ్ళంత నెత్తురు మరక. ఆ రోజంతా ప్రతి స్టేషన్లో ఎవడో ఒకడు ఎవరితో కొట్లాడావు గురూ అని అడగటమే.

మా బ్యాచ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, మెయిల్ బండ్లకి వెళ్ళేవాడు, కొడుకు దుబాయ్ నుంచి తెచ్చిన ఫోమ్ డబ్బా వాడేవాడు, కానీ పక్కన పాత బ్రష్ కూడా పెట్టుకునేవాడు. నేను నవ్వితే ఏమీ అనకుండా నా అరచేతిలో ఇంత ఫోమ్ కొట్టి, చెయ్యి తిప్పు అన్నాడు. తిప్పా. కింద పడలేదు. చూసావా, ఇందులో సరిపడా నీళ్ళుంటే ఇలా అంటుకుని ఉంటుందా, ఇందులో ఎక్కువ గాలే, దీనికి నీళ్ళు తాగించాలి అన్నాడు. అంతే, నాకు అర్థమైంది.

డబ్బా లోపల ఉండేది నురగ కాదురా, పల్చటి సబ్బు నీళ్ళు, వాటితోపాటు ఒత్తిడికి ద్రవంగా మారిన గ్యాసు. నువ్వు నొక్కగానే ఆ గ్యాసు బుస్సున ఆవిరై సబ్బునీళ్ళని పొంగిస్తుంది, అందుకే చేతికి చల్లగా తగులుద్ది. వేరుశనగ గింజంత సబ్బు ఇడ్లీ అంత కనపడుద్ది. చూట్టానికి బ్రహ్మాండం, కానీ అది వెంట్రుకల మీద తెల్ల టోపీలాగా కూర్చుంటుందే తప్ప మొదలుకి దిగదు. గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు మహా మొండిది, నీళ్ళు పీల్చి మెత్తబడటానికి రెండు మూడు నిమిషాలు పడుద్ది, మెత్తబడ్డాక బ్లేడు తేలిగ్గా కోస్తుంది. ఫోమ్ పని ఆ నీటిని అక్కడ ఆపి ఉంచటం, బ్లేడు జారేలా చెయ్యటం. మా చిన్నప్పుడు ఊళ్ళో సెలూన్ ఆయన రేడియోలో ఒక పాట మొదలై అయిపోయేదాకా బ్రష్ తిప్పుతూనే ఉండేవాడు, మాకు విసుగు, ఆయనకి మటుకు ఆ పాట గడియారం అన్నమాట. నువ్వు తొంభై సెకన్లలో మొత్తం గడ్డమే అవగొడుతున్నావు.

సరే ఎలా చెయ్యాలో చెప్తా, ఫోన్ పక్కన పెట్టుకుని రేపు ఇలాగే చెయ్యి. స్నానం అయ్యాక గీసుకో, ముందు కాదు. మొహం తుడుచుకోవద్దు. స్నానం కుదరకపోతే గోరువెచ్చటి నీళ్ళలో టవల్ ముంచి ఒక నిమిషం గడ్డానికి అదిమి పెట్టు. ఆ తర్వాత ముఖ్యమైన సంగతి, ఫ్యాన్ ఆపు. మీ రూములో అద్దం హాల్లో ఫ్యాన్ కింద ఉందిగా, ఆ గాలికి డబ్బా నురగ చిటికెలో ఎండిపోద్ది, ట్యూబ్ క్రీమ్ అయినా కాస్త ఓర్చుకుంటుంది గానీ ఇది ఓర్చుకోదు.

బ్రష్ తడిపి రెండుసార్లు విదిలించు, నీళ్ళు కారకూడదు, అలాగని ఎండిపోయీ ఉండకూడదు. డబ్బా బాగా ఊపి ఎడమ అరచేతిలో ఉసిరికాయంత ఫోమ్ కొట్టు. ఉసిరికాయంత అన్నా, నీ అలవాటు ప్రకారం బత్తాయి అంత కాదు. కొంతమంది బ్రష్ మీదే కొడతారు, అది బ్రష్ కొసన ఊగి ఊగి సింక్‌లో పడుద్ది, అరచేయే నయం. బ్రష్ కొసలతో దాన్ని తీసుకుని ముందు గెడ్డం కింద, అక్కడే వెంట్రుక గట్టిది కాబట్టి, గుండ్రంగా తిప్పటం మొదలెట్టు, నొక్కకు, కొసలు కాస్త విచ్చుకుంటే చాలు. ఓ పదిహేను చుట్లు తిప్పేసరికి నురగ సగానికి సగం తగ్గిపోద్ది. ఇక్కడే అందరూ కంగారుపడి ఇంకో బత్తాయి కొట్టేస్తారు. నువ్వు కొట్టకు. పోయింది గాలి, సబ్బు అక్కడే ఉంది. ఇప్పుడు బ్రష్ కొసలు మాత్రం అలా నీళ్ళకి తాకించి మళ్ళీ తిప్పు, అవసరమైతే ఇంకోసారి తాకించు.

ఎప్పుడు ఆపాలి అంటే కంటితోనే తెలుస్తుంది. డబ్బాలోంచి వచ్చినప్పుడు గోడకి వేసిన సున్నంలా మెరుపు లేకుండా ఉంటుంది. నీళ్ళు సరిపోయాక గడ్డ పెరుగు మీద వెన్నపూసలా నిగనిగలాడుద్ది, బుడగలు కంటికి ఆనవు. నీళ్ళు ఎక్కువైతే బట్టలుతికిన బకెట్లో నురుగులా పెద్ద పెద్ద బుడగలొచ్చి చెంప మీద నుంచి కారిపోద్ది, అప్పుడు ఇంకాస్త ఫోమ్ కలుపుకో, కొంపలేం మునగవు. రెండు వేళ్ళ మధ్య రాసి చూడు, ఆముదం అంటుకున్నట్టు జర్రున జారాలి. అలా జారితేనే రేజరు పట్టుకో. ఆఖర్న సున్నం వేసినట్టు పైకీ కిందకీ నాలుగుసార్లు బ్రష్ లాగితే అంతా సమంగా పరుచుకుంటుంది. ఒక నిమిషం అలా వదిలేసి ఈలోగా రేజరు కడుక్కో.

ఇంకో చిట్కా, ఇది నా సొంతం. ఇంట్లో మామూలు షేవింగ్ క్రీమ్ ట్యూబ్ ఉంటే శనగ గింజంత తడి బ్రష్‌కి రాసుకుని ముందు దాన్ని గడ్డానికి పట్టించి, దానిపైన ఫోమ్ వేసి తిప్పు. ఆ నురగ రెండు రెట్లు నిలబడుద్ది, జారుడు కూడా ఎక్కువ. పెళ్ళిళ్ళకీ, మీ అత్తయ్య పుట్టింటికి వెళ్ళేటప్పుడూ ఇదే చేసేవాణ్ణి.

నీళ్ళ సంగతి మీ అమ్మ చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది మరి. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళేగా, బకెట్ అంచుల్లో, కొళాయి చుట్టూ తెల్లగా పొర కడుతుందా? అయితే అవి ఉప్పు నీళ్ళు, అందులో కాల్షియం సబ్బుతో కలిసి తెట్టులా అయిపోద్ది, నురగ నిలవదు, మొహం మీద జిగట మిగులుద్ది. మొహం కడుక్కోవటానికి ఏ నీళ్ళైనా పర్లేదు, బ్రష్ ముంచటానికి మాత్రం ఫిల్టర్ నీళ్ళు అర గ్లాసు పట్టుకో. అర గ్లాసు చాలు. తేడా నీకే కనపడుద్ది.

ఇక గీయటం. నీ పొక్కులకి సగం కారణం ఇక్కడుంది, ఫోమ్‌ని తిట్టి లాభం లేదు. రెండు రోజులు గడ్డం వదిలేసి మెడ మీద చేత్తో అన్ని వైపులా నిమిరి చూడు, ఎటు నిమిరితే నున్నగా ఉంటే అదే వెంట్రుక వాలు. చెంపల మీద కిందకే ఉంటుంది గానీ మెడ దగ్గర మన ఇంట్లో మగాళ్ళందరికీ చెవి వైపు నుంచి కిందకి ఏటవాలుగా ఉంటుంది, మీ తాతకీ అంతే. నువ్వు అందరిలాగా మెడ కింద నుంచి పైకి లాగేస్తున్నావు, అంటే ఎదురు గీత. ఐదు బ్లేడ్ల రేజరు ఎదురు గీస్తే వెంట్రుక చర్మం కంటే లోపలికి తెగుద్ది, మనది ఉంగరాల వెంట్రుక, మళ్ళీ పెరిగేటప్పుడు వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది, అదే పొక్కు. ఒక నెల పాటు మెడ మీద ఎదురు గీత మానెయ్. వాలుకే ఒకసారి గీయి, నున్నగా రాకపోతే మళ్ళీ బ్రష్‌తో నురగ పట్టించి వాలుకి అడ్డంగా ఇంకోసారి, అంతే. నురగ లేని చోట బ్లేడు పెట్టొద్దు, ఇక్కడ కొంచెం మిగిలిందే అని వట్టి చర్మం మీద గీకే ఆ ఆఖరి గీతే నెత్తురు తెప్పిస్తుంది. రెండో విడతకి కొత్తగా ఫోమ్ అక్కర్లేదు, బ్రష్ పొట్టలో ఇంకా ఉంటుంది, కొంచెం పిండితే వస్తుంది, బ్రష్ వల్ల ఇదో లాభం. చేత్తో పూసుకున్నప్పుడు నాకు నెల తిరక్కుండా డబ్బా అయిపోయేది, బ్రష్‌తో రెండున్నర నెలలు వచ్చింది.

అయ్యాక చన్నీళ్ళతో కడిగి పటిక ముక్క తడిపి ఒకసారి రాయి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ గట్టిగా నొక్కావని అర్థం, మర్నాడు అక్కడ చెయ్యి తేలిక చేసుకో. ఇన్నీ చేసినా రెండు మూడు వారాలకి పొక్కులు తగ్గకపోతే, చీము పడితే మటుకు స్కిన్ డాక్టర్ దగ్గరకి వెళ్ళు. పటిక రాసుకుంటూ కూర్చోకు.

బ్రష్ ఎవరికీ ఇవ్వకు, నీ రూమ్మేట్‌కి కూడా, రేజరైతే అసలే వద్దు, హెపటైటిస్ లాంటివి అంటుకుంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగ్గా శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల వల్ల సైనికులకి ఆంత్రాక్స్ వచ్చింది తెలుసా, కొంతమంది చచ్చిపోయారు కూడా. నైలాన్‌కి ఆ బాధ లేదు, పైగా గబుక్కున ఆరుద్ది. వాడాక బాగా కడిగి, విదిలించి, కొసలు కిందకి ఉండేలా వేలాడదీయి, బాత్రూంలో కాదు, బాల్కనీలో. నెలకోసారి గ్లాసు నీళ్ళలో చెంచా వెనిగర్ కలిపి కాసేపు ముంచితే ఉప్పు పొర వదిలిపోద్ది.

డబ్బా కూడా జాగ్రత్త. అది గ్యాసు డబ్బా, మంటకి అంటుకునే గ్యాసు, సిగరెట్ నోట్లో పెట్టుకుని నొక్కకు (మీ అమ్మకి తెలీదు గానీ నాకు తెలుసు). 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసుంటుంది, మే నెలలో ఎండలో పెట్టిన కారు లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నేనొకసారి ఎండాకాలం గూడ్స్ బండి చివర గార్డు ఉండే బ్రేక్ వ్యానులో నా లైన్ బాక్సులో పెట్టుకుని బయల్దేరా. ఆ పెట్టెలో జెండాలు, టార్చి, వాటితోపాటు డిటోనేటర్లు ఉండేవి, పట్టాల మీద పెడితే బండి చక్రం ఎక్కగానే ఢాం అని పేలేవి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన పెట్టె తెరిచి డబ్బా చేతిలోకి తీసుకుని నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పటాసుల పెట్టెలో గ్యాసు బుడ్డా, గడ్డం గీసుకుంటావా బండిని గాల్లోకి లేపుతావా అన్నాడు. అప్పటి నుంచి డ్యూటీకి ట్యూబే తీసుకెళ్ళా. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ట్యూబే నాకిష్టం, చవక, తుప్పు పట్టి షెల్ఫ్ మీద గుండ్రటి మరక పెట్టదు, నురగ ఎక్కువసేపు నిలుస్తుంది. నీ డబ్బా అయిపోయాక నువ్వూ దానికే వస్తావని నా నమ్మకం, బ్రష్ ఎలాగూ ఉంటుంది కాబట్టి.

బ్రష్ కొనుక్కోమని పైన రాశా గానీ ఇప్పుడే గుర్తొచ్చింది, రిటైర్ అయినప్పుడు మావాళ్ళు ఇచ్చిన సెట్‌లో కొత్త బ్రష్ ఒకటి అట్టపెట్టె విప్పకుండా అలాగే ఉంది. మీ నాన్న శనివారం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాడుగా, ఆయనకిచ్చి పంపిస్తా. అదే సంచిలో మీ అమ్మ కొత్తావకాయ కూడా పెడుతోంది. బ్రష్ విడిగా కవర్లో చుట్టి పైన పెట్టమని రెండుసార్లు చెప్పా, వింటుందో లేదో తెలీదు. ఆవకాయ వాసన కొడితే షాంపూతో రెండుసార్లు కడిగి, అప్పుడు మొహానికి పెట్టు.

మీ మావయ్య