టర్కీలోని కుషాదసి రేవులో క్రూజ్ ఓడవాళ్ల టూర్ తీసుకోవాలా, సొంతంగా వెళ్లాలా?

సొంతంగా వెళ్లండి. ఎఫెసస్ అనే ప్రాచీన నగరం శిథిలాలు, షిరింజె పల్లె కలిపి అమ్మిన టూర్‌కి వెళ్లొచ్చిన అనుభవంతో చెప్తున్నా.

ఎఫెసస్‌కి వంక పెట్టను. పైగేటు దగ్గర దింపారు, పాలరాతి వీధి వెంట సెల్సస్ గ్రంథాలయం దాకా దిగుతూ వచ్చాం. రాళ్లు అరిగి నున్నగా ఉన్నాయి, మంచి బూట్లు వేసుకోండి. ఒకప్పుడు అది పెద్ద రేవు. నది తెచ్చిన ఒండ్రుతో పూడిపోయి సముద్రం కిలోమీటర్ల దూరం జరిగింది. ఓడ దిగి వచ్చి మరీ ఓడలు రాని రేవు చూశామన్నమాట! అక్కడి కొండవాలులోని పాత ఇళ్లకి టికెట్ వేరే. 'టైం లేదు' అని గైడ్ వాటిని ఎగ్గొట్టాడు.

టైం ఎందుకు లేదో తర్వాత తెలిసింది. 'నేత చూద్దాం' అంటూ ఒక తివాచీల కొట్టుకి తీసుకెళ్లాడు. గ్లాసుల్లో యాపిల్ టీ ఇచ్చారు. పట్టుకాయల నుంచి దారం తీసి చూపించారు. ఆ తర్వాత తివాచీ మీద తివాచీ దొర్లించడమే. ఇటు నుంచి చూస్తే ఒక రంగు, అటు తిప్పితే ఇంకో రంగు. మా ఆయన మొహమాటానికి ఒకదాన్ని తాకి చూశారు, అంతే, ఇద్దరు సేల్స్‌మన్లు పక్కన చేరిపోయారు. దాదాపు గంట!

షిరింజెకి మిగిలింది పాతిక నిమిషాలు. ఒకప్పుడు గ్రీకుల ఊరు. గ్రీస్, టర్కీల మధ్య 1923 నాటి జనమార్పిడితో వాళ్ల ఇళ్లలోకి గ్రీస్ నుంచి వచ్చిన ముస్లింలు చేరారు. ఈ సంగతి గైడ్ చెప్పలేదు, నేనే చదువుకుని వెళ్లా. మా అత్తగారు మాత్రం గుమ్మంలో లేసు అల్లుతున్న ఒక ముసలావిడ పక్కన చతికిలబడ్డారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ సూది చేతికిచ్చి, వేళ్లు పట్టుకుని ముడి వేయించింది. మూడో ముడి పడేసరికి గైడ్ మా గ్రూపు నంబరు బోర్డు ఎత్తి కేకలు.

టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు, అది నిజమే. ఆ టెన్షన్ ఉంటే ఓడ టైముకి రెండు గంటల ముందే తిరిగి రండి. డోల్ముష్ అనే మినీబస్సులో ఎఫెసస్ పక్కనున్న సెల్చుక్ ఊరికి వెళ్లొచ్చు. అక్కడి నుంచి షిరింజె 8 కిలోమీటర్లే, దానికీ డోల్ముష్ ఉంది.

మా అత్తగారికి ఆ నాలుగో ముడి ఎలా వేయాలో ఇప్పటికీ తెలీదు. ఆ తివాచీల కొట్టుని తిట్టని రోజు లేదు.