సీరియల్‌లో పెద్దమ్మ పోయింది... నాకు నిద్ర పట్టడం లేదు!

ప్రశ్న: నా వయసు 47. హనుమకొండలో ఉంటాం. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. నాలుగేళ్లుగా ఫోన్‌లో ఒక సీరియల్ చదువుతున్నాను. ఉమ్మడి కుటుంబం కథ, వారానికి మూడు భాగాలు, రాత్రి తొమ్మిదిన్నరకు వస్తాయి. అందులో సావిత్రి పెద్దమ్మ అంటే నాకు ప్రాణం. 612వ భాగంలో ఆవిడ అందరికీ అన్నాలు పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి లేచి అక్కడే కూలిపోయింది. 12 రోజులైంది. కూరగాయలు తరుగుతుంటే కూడా కన్నీళ్లొస్తున్నాయి. గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టుంటుంది, ఛాతీ బరువుగా ఉంటుంది. రాత్రి రెండింటి దాకా నిద్ర రాదు. పొద్దున్నే లేవలేక థైరాయిడ్ మాత్ర కాఫీ తాగాక వేసుకుంటున్నాను, మూడు రోజులు మర్చిపోయాను కూడా. మావారు నవ్వుతున్నారు. మా అమ్మాయి ‘ఓవర్ చేస్తున్నావ్ మమ్మీ’ అంటోంది. రెండేళ్ల కింద మా అత్తగారు పోయినప్పుడు నేనింత ఏడవలేదు. అదే నన్ను తినేస్తోంది. ఇదేమైనా మానసిక జబ్బా? మావారి నిద్రమాత్రలో సగం వేసుకోవచ్చా? సీరియల్ మానెయ్యాలా? 613వ భాగం ఇంకా తెరవలేదు.

జవాబు: ముందు నిద్రమాత్ర సంగతి చెప్పేస్తాను. ఈ జవాబు వచ్చేలోపే మీరు వేసేసుకుంటారేమోనని నా భయం. వద్దు. సగం కాదు, పావు కూడా వద్దు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు కొద్ది వారాల్లోనే అలవాటైపోతాయి. ఆ తర్వాత పెద్దమ్మను మర్చిపోయినా మాత్రను మర్చిపోలేరు. మీవారికి రాసిన మోతాదు మీవారి కోసం రాసింది.

ఇది జబ్బా అంటే, మీరు రాసినదాన్ని బట్టి కాదు. ఆత్మీయులు పోయాక దుఃఖం తగ్గకుండా నెలల తరబడి మనిషిని పట్టి పీడిస్తే దానికి వైద్యంలో ఒక పేరుంది. ఆ పేరు పెట్టాలంటే కనీసం ఆరు నెలలు గడవాలి. పైగా అది నిజంగా బతికి, పోయిన మనిషి గురించి. మీది 12 రోజుల బాధ.

అలాగని ‘కథే కదా’ అని కొట్టిపారెయ్యను. నవల అయితే రెండు రోజుల్లో ముగుస్తుంది. మీరు సావిత్రి పెద్దమ్మతో నాలుగేళ్లు గడిపారు. బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న మన పిల్లలతో కూడా వారానికి మూడుసార్లు తీరిగ్గా మాట్లాడం. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య రోజుల్లో మీరు గిన్నెలు తోముతూ ‘ఇప్పుడు పెద్దమ్మ ఏం చేస్తుందో’ అని అనుకునే ఉంటారు. ఆ పరిచయం చదువుతున్నప్పటికన్నా చదవని రోజుల్లోనే ఎక్కువ పెరుగుతుంది. రేడియో, టీవీల్లో కనిపించే మనుషులతో ప్రేక్షకులకు ఇలాంటి ఒకవైపు బంధం ఏర్పడుతుందని హార్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే ఒక సైకియాట్రీ పత్రికలో రాశారు. ఆవిడ కల్పన అని మీకు బాగా తెలుసు. కానీ అలవాటుకు ఆ తేడా పట్టదు. రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి అది పెద్దమ్మ కోసం చూస్తుంది.

ఈ తంటా మీ ఒక్కరిదే కాదు. 1893 డిసెంబరులో స్ట్రాండ్ మ్యాగజీన్‌లో షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివ్‌ను రచయిత కానన్ డోయల్ చంపేస్తే, 20 వేల మందికి పైగా చందాలు మానేశారని చెబుతారు. (లండన్‌లో జనం చేతికి నల్ల గుడ్డలు కట్టుకుని తిరిగారన్న ముచ్చటకు మాత్రం గట్టి ఆధారం లేదు.) చివరికి 1903లో రచయిత హోమ్స్‌ను బతికించక తప్పలేదు. జపాన్ వాళ్లు ఇంకో మెట్టు పైకెక్కారు. ‘ఆషితా నో జో’ అనే బాక్సింగ్ బొమ్మల సీరియల్‌లో రికిఇషి అనే కుర్రాడు చనిపోతే, 1970 మార్చిలో టోక్యోలోని ఆ ప్రచురణ సంస్థలో నిజంగా కర్మకాండ జరిపించారు. ఏడు వందల మంది దాకా వచ్చారు. మన దగ్గర మాత్రం తక్కువా? మా నాయనమ్మ బుర్రకథలో బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టం రాగానే కొంగు నోట్లో కుక్కుకునేది. కథ ఆవిడకు కంఠతా వచ్చు. ఏం జరగబోతోందో తెలుసు కాబట్టే ముందు నుంచే ఏడ్చేది. ఆవిడ్ని ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు.

ఇక మీ అత్తగారి మాట. ఉత్తరం మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే. ఆ రోజు మీరేం చేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరెవరికి ఫోన్లు చేయాలి, కుర్చీలు, షామియానా ఎవరు చూస్తారు, ఊరి నుంచి వచ్చేవాళ్లకు చాయ్, పదకొండో రోజుకు వంటవాళ్లు, బియ్యం లెక్క, ఎవరు అలిగారో, ఎవర్ని బతిమాలాలో. చావు జరిగిన ఇంట్లో కోడలికి కూర్చుని ఏడ్చే తీరిక ఎక్కడిది? ఏడ్చినా నలుగురూ చూస్తుంటారు. ఎక్కువ ఏడిస్తే ఒక మాట, తక్కువ ఏడిస్తే ఇంకో మాట. సావిత్రి పెద్దమ్మ పోయినప్పుడు మీకు ఏ పనీ పడలేదు. దుప్పటి కప్పుకుని, ఫోన్ పట్టుకుని ఏడవడం తప్ప. అందుకే అంత ఏడుపు వచ్చింది. కన్నీళ్లు కొలిచి ఎవరి మీద ఎంత ప్రేమో తేల్చలేం. ‘నువ్వు నిజానికి మీ అత్తగారి కోసమే ఏడుస్తున్నావు’ అని ఎవరైనా తేల్చి చెప్పినా తొందరపడి నమ్మకండి. అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. అది తెలిసేది మీకే. ఆవిడ గుర్తొస్తే మీవారితో మాట్లాడండి. పోయింది ఆయన తల్లి కూడా.

నన్ను కంగారు పెడుతున్నది మీ ఏడుపు కాదు, మిగతావి.

గొంతులో ముద్ద గురించి: ఏడుపు వస్తున్నప్పుడు గాలి బాగా ఆడటానికి శ్వాసనాళం ముఖద్వారం తెరుచుకుని ఉండాలని చూస్తుంది. మనమేమో ఏడుపును మింగేయాలని చూస్తాం. మింగాలంటే ఆ ద్వారం మూసుకోవాలి. ఆ పెనుగులాటే ముద్దలా అనిపిస్తుంది. నలుగురి ముందూ ఆపుకున్నకొద్దీ ఎక్కువవుతుంది. అయితే అన్నం ముద్ద నిజంగానే దిగకపోయినా, మెడ ముందు వాపు కనిపించినా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఛాతీ బరువును మాత్రం సీరియల్ ఖాతాలో రాసెయ్యకండి. బాధలో అలా అనిపించడం మామూలే. కానీ మీకు 47 ఏళ్లు. ఈ వారంలోనే దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గర బీపీ చూపించుకుని, ఒక ఈసీజీ తీయించుకోండి. మెట్లెక్కితే బరువు పెరగడం, చెమటలు పట్టడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం ఉంటే వారం ఆగొద్దు, అప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి. ఆడవాళ్లలో గుండెనొప్పి ఒక్కోసారి ఉత్త ఆయాసంలా, గ్యాస్‌లా వస్తుంది. ఇంట్లోవాళ్లు ‘టెన్షన్‌లే’ అని సోడా ఇచ్చి పడుకోబెడతారు.

థైరాక్సిన్, అంటే మీ థైరాయిడ్ మాత్ర, మూడు రోజులు మర్చిపోయినంత మాత్రాన మనసు కుంగిపోదు. ఆ మందు అంత తొందరగా ఒంట్లోంచి పోదు. కానీ రోజూ కాఫీ తాగాక వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, కుదిరితే గంట ఎడం ఇవ్వండి. కాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. చివరిసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఎప్పుడు చేయించుకున్నారో రాయలేదు. ఆరు నెలలు దాటి ఉంటే ఇప్పుడు చేయించండి, దాంతోపాటు హిమోగ్లోబిన్ కూడా. థైరాయిడ్ అదుపు తప్పినా, రక్తం తక్కువైనా, నెలసరి ఆగబోయే ఈ వయసులో హార్మోన్లు అటూ ఇటూ అయినా కన్నీళ్లు కళ్ల అంచునే ఉంటాయి. కథలో చావుతో వాటికి ఒక సాకు దొరికినట్టవుతుంది.

నిద్ర విషయంలో నా అనుమానం ఒకటుంది. మీరు రాయలేదు గానీ, రాత్రి పడుకున్నాక 612వ భాగం మళ్లీ చదువుతున్నారు కదూ? నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది మూడోసారి అడిగితే ఒప్పుకుంటారు. పుండును రోజూ గోకుతుంటే మానదు. రెండు వారాలు ఫోన్‌ను పడకగది బయట ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసమైతే గడియారం కొనుక్కోండి. తొమ్మిదిన్నరకు ఖాళీగా అనిపిస్తే అది సహజమే, ఆ వేళకు ఇంకేదైనా పెట్టుకోండి. అమ్మాయికి ఫోన్ చేయడమైనా సరే. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకు లేవండి, మధ్యాహ్నం కునుకు ఆపండి. వారం పది రోజుల్లో నిద్ర దారిలో పడాలి.

అలా కాకుండా రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉండటం, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, తిండి సహించకపోవడం, నా వల్ల ఎవరికీ ఉపయోగం లేదనిపించడం ఉంటే అది పెద్దమ్మ గురించిన బాధ కాదు, డిప్రెషన్ కావచ్చు. సైకియాట్రిస్ట్‌ను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఎదురు చూడకండి. టెలిమానస్ 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీవారికి ఒక్క మాట. ఐపీఎల్‌లో మీ టీమ్ ఓడిన రాత్రి మీరు అన్నం తినకుండా పడుకుంటే ఆవిడ నవ్వారా?

సీరియల్ మానక్కర్లేదు. కోపంతో మానేస్తే పెద్దమ్మ మీకు ఎప్పటికీ ఆ చెయ్యి కడిగే చోటే పడి ఉంటుంది. ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఏడవడం, పదకొండో రోజు చేయడం, ఆవిడ చీరలు ఎవరికి ఇవ్వాలో మాట్లాడుకోవడం మీరు చూడాలి. 613వ భాగం తెరవండి. రాత్రి కాదు. పొద్దున మాత్ర వేసుకున్న గంట తర్వాత, కాఫీ తాగుతూ.